చిలకలో ప్రాణం ఎవరిది?

"కథే కదా, ఆటే కదా, దానికింత రాద్ధాంతమా?" మాయల ఫకీరు పేరెత్తితే మన తెలుగు పెద్దలు అనే మాట ఇది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడే ఇవాళ్టి కుర్రాళ్ళూ ఇదే మాట అంటున్నారు. బాలనాగమ్మ నాటకం చూస్తూ తెల్లవార్లూ మేలుకున్న తరానికీ, బల్ల చుట్టూ కూచుని పాచికలు వేసే తరానికీ మధ్య బోలెడంత దూరం. జవాబు మాత్రం ఒకటే. కాబట్టి ఈ జవాబునే పరీక్షించాలి.

తెలియనివాళ్ళ కోసం ఆట సంగతి రెండు మాటల్లో. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని తయారుచేశారు. నలుగురైదుగురు కూచుంటారు. ఒకడు కథ నడుపుతాడు, మన భాగవతాల్లో సూత్రధారుడిలాగ. మిగతావాళ్ళు తలా ఒక వేషం కడతారు: వీరుడు, మాంత్రికుడు, దొంగ, పూజారి. వేషమంటే రంగూ గుడ్డా అక్కర్లేదు, మాటే వేషం. దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ప్రతి వేషానికీ, ప్రతి భూతానికీ ఒక గుణం రాసిపెట్టి ఉంటుంది: మంచి, చెడు, తటస్థం.

పేచీ అంతా ఈ రాసిపెట్టడం దగ్గరే. ఆర్క్ జాతిలో పుట్టినవాడు పుట్టుకతోనే దుర్మార్గుడా? 2020లో ఆ ఆట ప్రచురణకర్తలే ఈ రాతలో జాతి వివక్ష వాసన ఉందని ఒప్పుకున్నారు. 2024 నాటి కొత్త పుస్తకంలో 'జాతి' అన్న మాటే తీసేశారు. అభిమానులు రెండు ముక్కలయ్యారు. "మూలగ్రంథాల్లో ఉన్నదే ఆటలో ఉంది, మూలాన్ని చెడగొట్టొద్దు" అని ఒక పక్షం. "మూలమే వంకర, సరిచేయాల్సిందే" అని రెండో పక్షం. 1979లో గైగాక్స్ తనకు ప్రేరణ ఇచ్చిన పుస్తకాల జాబితా వేశాడు. హోవర్డ్, లైబర్, వాన్స్, టోల్కీన్ అందరూ అందులో ఉన్నారు. రెండు పక్షాలూ ఆ జాబితానే వేదంలా పట్టుకుని కొట్లాడుకుంటున్నాయి.

రెండు పక్షాలూ ఒక పని చేయలేదు. మూలాన్ని నిదానంగా చదవలేదు.

టోల్కీన్‌నే తీసుకుందాం. 1954లో వచ్చిన రెండో సంపుటంలో దక్షిణాది నుంచి ఏనుగులతో వచ్చిన శత్రు సైనికుడొకడు చచ్చి సామ్ అనే తోటమాలి ముందు పడతాడు. సామ్ ఆగి ఆలోచిస్తాడు: వీడి పేరేమిటో, వీడు నిజంగా చెడ్డవాడేనా, ఏ అబద్ధం చెప్పి, ఏ భయం పెట్టి ఇంత దూరం నడిపించారో అని. నల్లటి దక్షిణాది మనుషుల్ని శత్రువు సేనలో నిలబెట్టిన రచయితే ఈ సందేహాన్నీ రాశాడు. మొదటిది తప్పు కాకుండా పోదు. కానీ ఆట మొదటిదాన్ని లెక్కల్లోకి ఎక్కించుకుని రెండోదాన్ని వదిలేసింది. సందేహానికి పాచిక లేదు మరి.

ఇంకా దగ్గరి ఉదాహరణ మన జిన్నులు. 1977 నాటి భూతాల పుస్తకంలో జిన్ మంచివైపు, ఇఫ్రీత్ చెడువైపు మొగ్గుతాయని గుణాలు పంచిపెట్టారు. అసలు మూలం ఏమంటోంది? ఖురాన్‌లో జిన్నుల పేరుతోనే ఒక సూరా ఉంది, 72వది. తమలో సజ్జనులూ ఉన్నారు, వేరేవాళ్ళూ ఉన్నారు అని అందులో జిన్నులే చెప్పుకుంటాయి. 27వ సూరాలో సులేమాన్ కొలువులో షేబా రాణి సింహాసనాన్ని తెచ్చిపెడతానని ముందుకొచ్చేది ఒక ఇఫ్రీతే. అంటే నిప్పుతో పుట్టిన జిన్నుకి కూడా మా కితాబు ఎంపిక ఇచ్చింది. అమెరికా ఆట ఆ ఎంపికని లాక్కుంది. మూలానికి విధేయత అని అరిచే అభిమాని ఈ మూలాన్ని ఎందుకు తెరవలేదు?

1992లో అదే సంస్థ అల్-ఖాదిమ్ అని ఒక అరేబియా లోకాన్ని సృష్టించింది. జెఫ్ గ్రబ్ దాని ప్రధాన రచయిత. ఎడారులు, ఒంటెలు, ఖలీఫా, తివాచీలు, ఆతిథ్య ధర్మం అన్నీ ఉన్నాయి. ఆ రోజుల్లో సినిమాలు అరబ్బుని చూపించిన తీరుతో పోలిస్తే ఎంతో మర్యాదగానే రాశారు. అయినా ఆ లోకంలో ఇస్లాం లేదు. అత్తరు ఉంది, అజా లేదు. ముస్లిం రంగులు కావాలి, ముస్లిం వద్దు. అదే ఏడాది డిసెంబరు 6న మన దేశంలో బాబ్రీ మసీదు కూలింది. ఈ రెంటికీ సంబంధం అంటగట్టడం లేదు. ఆ డిసెంబరు తర్వాత పెరిగిన మనకి మాత్రం అందమైన మినార్లున్న, నమాజు లేని ఊరి బొమ్మ చూస్తే గుండె ఒక పట్టాన కుదుటపడదు.

ఇక మన ఇంటి కథకి వద్దాం. బాలనాగమ్మని ఎత్తుకుపోయిన మాంత్రికుడు ఎవరు? 1942లో జెమినీ వాళ్ళ సినిమాలో గోవిందరాజుల సుబ్బారావు వేసింది మాయల మరాఠీ. 1959లో ఎస్.వి.రంగారావు వేసిందీ మాయల మరాఠీయే. కానీ జనం నోట్లో, సామెతలో నిలిచిందెవరు? మాయల ఫకీరు. ప్రాణం చిలకలో ఉందని ఎవరినన్నా ఎకసెక్కం చేయాలంటే తెలుగువాడికి ఫకీరే గుర్తొస్తాడు. కథ అదే, కుక్కగా మారిన బాలనాగమ్మ అదే, సంగు అదే, ఏడు సముద్రాల అవతల చిలక అదే. పేరు మాత్రం మరాఠీకీ ఫకీరుకీ మధ్య ఊగుతోంది. 1951 పాతాళ భైరవిలో మాంత్రికుడు నేపాళం నుంచి వచ్చాడు. మరాఠీ, నేపాళీ, ఫకీరు. మన జానపద కల్పనలో చెడు ఎప్పుడూ పొలిమేర అవతలి నుంచే వస్తుంది. మరాఠీ పొలిమేర బయటివాడే, సరే. ఊళ్ళోనే పుట్టి, ఊళ్ళోనే బిచ్చమెత్తి, ఊళ్ళోనే మట్టయిపోయే ఫకీరు ఎప్పుడు బయటివాడయ్యాడు?

ఇందులో ఒక వింత కూడా ఉంది. బాలనాగమ్మని ఊరూరా ఆడినవాళ్ళలో సురభి వాళ్ళు ముఖ్యులు. 1885లో కడప జిల్లాలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాల పూర్వీకులు మరాఠా నేల నుంచి వచ్చినవాళ్ళు. మరాఠీ వంశస్థులే వేదిక మీద మాంత్రికుణ్ణి ఆడించి జనం చేత తిట్టించారు. వాళ్ళకది చెల్లింది. ఆట అయ్యాక వాళ్ళని "మాయల మరాఠీలు" అని ఎవరూ వేలెత్తి చూపలేదు. రంగు కడిగితే వేషం పోయింది. సాయిబుకి ఆ వెసులుబాటు లేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ తన కవితకి 'పుట్టుమచ్చ' అని పేరు పెట్టింది ఊరికే కాదు. రంగు కడుక్కోవచ్చు, పుట్టుమచ్చ కడుక్కోలేం.

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోనూ ఒక మాయల ఫకీరు ఉన్నాడు. పేరు లిచ్. చచ్చీ చావని మాంత్రికుడు, ప్రాణాన్ని ఒక భరిణెలో దాచుకుంటాడు. ఆ భరిణెని చాలా ఏళ్ళు 'ఫిలాక్టరీ' అన్నారు. యూదులు ప్రార్థనవేళ నుదుటికీ చేతికీ కట్టుకునే పవిత్రమైన పెట్టెకి ఇంగ్లీషులో అదే పేరు. ఒక మతంవాళ్ళ ప్రార్థన వస్తువు దుష్టుడి ప్రాణపు డబ్బా అయింది. అభ్యంతరాలు వచ్చాయి. 2025లో వచ్చిన భూతాల పుస్తకంలో దాని పేరు 'స్పిరిట్ జార్'గా మారింది. ఆట ఆగిపోలేదు, లిచ్ చావలేదు, ఎవరి సరదా తగ్గలేదు. అక్కడ యూదుల పెట్టెకి జరిగిందే ఇక్కడ మన ఫకీరుకి జరిగింది. ఫఖ్ర్ అంటే పేదరికం. అల్లా ముందు ఏమీ లేనివాడినని ఒప్పుకున్నవాడు ఫకీరు. ఆ మాట తీసుకెళ్ళి పరాయి ఆడదాన్ని చెరపట్టినవాడికి తగిలించారు.

మరి మన దాస్తాన్లు శుద్ధమైనవా? కాదు. నవల్ కిశోర్ ప్రెస్ వేసిన అమీర్ హంజా దాస్తాన్ నలభై ఆరు సంపుటాలు. అందులో తిలిస్మె హోష్‌రుబా కథంతా హంజా పక్షానికీ, మాంత్రికుల చక్రవర్తి అఫ్రాసియాబ్‌కీ యుద్ధం. మాంత్రికులు దాదాపు అందరూ అవిశ్వాసులే. కలిమా చదివితే మిత్రుడు, చదవకపోతే చావు. ఫకీరుని అన్నారని అలిగే మనం ఈ పుటలు దాటేసి పోకూడదు. ఎదుటివాడి మతాన్ని మాయగా చూపించడం ఎవరు చేసినా ఒకటే. అయితే హోష్‌రుబాలో మాంత్రికులు పక్షం మారతారు, ప్రేమిస్తారు, తమ చక్రవర్తినే ఎదిరిస్తారు. ఆ తలుపు కొంచెమైనా తెరిచి ఉంది. బాలనాగమ్మ కథలో ఫకీరుకి ఆ తలుపే లేదు. చిలక మెడ విరిగే దాకా వాడు ఫకీరే.

ఇప్పుడు మా దొనకొండ వైపు ఇంకో వేషం సంగతి చెప్పాలి. గుంటూరు-గుంతకల్లు రైలు దారిలో ఉన్న మా ఊరూ, అవతల మార్కాపురం, గిద్దలూరు పల్లెలూ పీర్ల పండక్కి పెట్టింది పేరు. పిల్లలు పుట్టాలనో, జబ్బు తగ్గాలనో మొక్కుకుని మొహర్రం నాళ్ళలో జనం ఫకీర్లవుతారు. మెళ్ళో దారం కట్టుకుని ఇంటింటా బిచ్చమెత్తి పీర్ల చావిడికి చెల్లిస్తారు. రెడ్డీ అవుతాడు, మాదిగా అవుతాడు, దూదేకులా అవుతాడు. పులివేషం కట్టి డప్పుకి అడుగులేసేవాడు ఏ కులంవాడైనా గుండం ముందు ఒకటే. ఇది కొత్తదీ కాదు. ఏలూరు వాసి జాఫర్ షరీఫ్ 1832లో వెలువడిన 'ఖానూనె ఇస్లాం'లో మొహర్రం ఫకీరు వేషాల్ని, పులివేషంతో సహా, వరసపెట్టి వర్ణించాడు.

ఈ ఆటకీ మూలకథ ఉంది. క్రీ.శ. 680లో కర్బలాలో దప్పికతో చచ్చినవాళ్ళ కథ అది. అందులో ఓడినవాడు నాయకుడు. ఊళ్ళో అక్షరం రాని హిందువు కూడా ఆ ఓడినవాడి పక్షాన నిలబడి, ఆ పదిరోజులూ ఫకీరు వేషంలోకి వెళ్ళి వస్తాడు. నాటకాల ఫకీరు జనాన్ని ముస్లింకి దూరంగా కూచోబెట్టాడు. పీర్ల ఫకీరు జనాన్ని ముస్లిం చర్మంలోకి పంపించాడు. రెండూ వేషాలే. "వేషమే కదా" అని రెంటినీ ఒక గాటన కట్టేయడం కుదరదు.

ఈ రెండో ఫకీరు మీద ఇప్పుడు రెండు వైపుల నుంచీ దెబ్బలు. ఇది హిందువులకి తగదని కాషాయం వాళ్ళు. ఇది అసలు ఇస్లామే కాదని మన శుద్ధివాదులు. ఇద్దరికీ గుణాలు రాసిపెట్టిన పుస్తకమే కావాలి. ఎవడు ఏ గడిలో పుట్టాడో అక్కడే చావాలి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ పాత పట్టికకీ వీళ్ళ పట్టికకీ తేడా ఏముంది?

నిషేధించమని నేను అడగను. బాలనాగమ్మని ఆడండి. మన పిల్లలు పాచికలు వేసుకోనీయండి. వేషం కట్టడమంటే కాసేపు ఇంకొకడి లోపల కూచోవడం. అంతకన్నా మంచి చదువు నాకు తెలీదు. అడిగేది ఒక్కటే. ఏ వేషానికైనా పాచిక వేసే హక్కు ఉండాలి. ఆర్క్‌కి, ఇఫ్రీత్‌కి, ఫకీరుకి మంచివాడయ్యే అవకాశమూ, చెడ్డవాడయ్యే అవకాశమూ సమంగా ఉండాలి. మూలగ్రంథాల పేరు చెప్పి దాన్ని లాక్కునేవాడు ఆ గ్రంథాల్ని సగమే చదివాడని మనం గట్టిగా చెప్పాలి.

మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని చెప్పి ఇన్నాళ్ళూ మనల్ని భయపెట్టారు, నవ్వించారు. ఇప్పుడు లెక్క తేలాల్సింది వేరే. ఈ దేశంలో సాయిబు మంచి చెడ్డలు ఎవరి పంజరంలో ఉన్నాయి? ఆ పంజరం తాళం మన చేతికి రావాలి.