స్కౌట్ మాస్టర్ల ఓర్పు

కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి పట్టణాలలో స్కౌటు ఉద్యమం ప్రధానంగా బడిని ఆశ్రయించుకొని సాగుతుంది కనుక, దానిని నడిపే భారాన్ని ఎక్కువగా ఉపాధ్యాయులే స్వచ్ఛందంగా తలకెత్తుకుంటారు. 1950 నవంబరు 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థలో బాలుర దళాన్ని నడిపేవారిని స్కౌట్ మాస్టర్ అనీ, బాలికల దళాన్ని నడిపేవారిని గైడ్ కెప్టెన్ అనీ వ్యవహరిస్తారు.

వీరి పనితనం ఒక చిన్న ముడిలో స్పష్టంగా తెలుస్తుంది. రెండు కొసలను కలిపే రీఫ్ ముడిని మొదట కుడి కొస ఎడమదానిపైకి, తరువాత ఎడమ కొస కుడిదానిపైకి వేసి బిగించాలి. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే ముడి జారిపోతుంది. సరిగా పడిన ముడి చదునుగా ఉండి ఒంటికి ఒత్తుకోదు కాబట్టే గాయానికి కట్టు కట్టేటప్పుడు దీనిని వాడతారు. పిల్లవాడు తప్పు వేస్తుంటే తాడు లాక్కొని సరిచేయడం సులభమే అయినా, మంచి మాస్టరు చేతులు కట్టుకొని నిలబడి, ముడి జారేదాకా ఆగి, మళ్లీ వేయమంటారు. ఈ సేవలో అన్నిటికంటే అరుదైన నైపుణ్యం ఆ ఓర్పే.

దళం బయటికి వెళ్లినప్పుడూ ఇదే ఓర్పు కావాలి. దళంలో ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లల జట్టును పేట్రోల్ అంటారు; 1907లో స్కౌటు ఉద్యమ స్థాపకుడు బేడెన్ పవెల్ బ్రౌన్సీ దీవిలో నడిపిన తొలి శిబిరం నాటి నుంచీ దాని నాయకత్వం పిల్లలలో ఒకరిదే. నిజాంసాగర్ గట్టుకో పోచారం అడవి అంచుకో దళం బయలుదేరితే, నీళ్ల సీసాలు సరిచూడవలసిందీ వెనకబడినవారి కోసం ఆగవలసిందీ ఆ పేట్రోల్ లీడరే. తల్లిదండ్రులకు జవాబు చెప్పవలసింది మాత్రం మాస్టరే. ప్రవేశ్ అనే తొలి మెట్టు నుంచి మూడు సోపానాలు దాటి రాష్ట్రపతి పురస్కారం దాకా ఎక్కేది పిల్లలే కావడం ఈ మాస్టర్లకు కొరతగా తోచదు.