కాలేయ పునరుత్పత్తి – హార్మోనుల పాత్ర: ఒక విమర్శ

ఎలుక కాలేయములో మూడింట రెండు వంతులు కోసివేసినను అది బ్రతుకును. వారము పది దినములలో కాలేయము ఇంచుమించు పూర్వపు బరువును పొందును. 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ అను శాస్త్రజ్ఞులు ఈ శస్త్రచికిత్సా పద్ధతిని వివరించిరి. దీనిని పునరుత్పత్తి అనుట వాడుకయే కాని, కోసిన లంబికలు మరల మొలవవు, మిగిలినవే పెరుగును. ఆ కణములను విభజనకు పురికొల్పునది ఏది?

ఈ విషయమున 1975లో బుచర్, స్వాఫీల్డ్ ప్రకటించిన పరిశోధన ప్రసిద్ధమైనది. క్లోమము నుండి వచ్చు రక్తము నిర్వాహక సిర ద్వారా తిన్నగా కాలేయమును చేరును. ఆ రక్తములోని ఏ పదార్థము ముఖ్యమో తేల్చుటకు వారు ఎలుకలలో క్లోమము, ప్రేగులు మొదలగు అవయవములను తొలగించి, కాలేయములో అధికభాగమును కోసివేసిరి. అట్టి ఎలుకలలో కాలేయపు డి.ఎన్.ఏ. సంశ్లేషణ తగ్గెను. ఇన్సులిన్ ఒక్కటే ఇచ్చినను, గ్లూకగాన్ ఒక్కటే ఇచ్చినను ప్రయోజనము కలుగలేదు. రెండును కలిపి ఇచ్చినపుడు సంశ్లేషణ మరల హెచ్చెను.

ఈ పరిశోధనలో మెచ్చదగినవి రెండు గలవు. మొదటిది కొలత. నీరు, క్రొవ్వు చేరినను కాలేయపు బరువు పెరుగును. కనుక బరువు కంటె డి.ఎన్.ఏ. సంశ్లేషణ కణవిభజనకు మేలైన గుర్తు. రెండవది పద్ధతి. హార్మోనులను విడివిడిగా మాత్రమే పరీక్షించియున్నచో, రెండును నిష్ప్రయోజకములని త్రోసివేయబడియుండెడివి. రక్తములోని చక్కెర విషయమున పరస్పర విరుద్ధములైన ఈ రెండును ఇచ్చట కలసి పనిచేయుట విశేషము.

అయితే దీనినిబట్టి "ఇన్సులిన్, గ్లూకగాన్ కాలేయమును పెంచును" అని పాఠము చెప్పుట తొందరపాటు. ఈ ప్రయోగములో హార్మోనులను ఇచ్చినది అప్పటికే కాలేయము కోయబడిన జంతువులకు. ఆరోగ్యవంతమైన జంతువులో ఈ రెండును నిత్యము స్రవించుచునేయున్నవి. ఐనను కాలేయము పెరుగుట లేదు! దీపము నిలుచుటకు నూనె కావలెను. కాని వెలిగించునది నూనె కాదు. 1984లో నకమురా బృందము కాలేయము కోసిన ఎలుకల సీరము నుండి వేరుచేసిన కాలేయకణ వృద్ధికారకము, గాజుపాత్రలో పెంచిన కణములలో డి.ఎన్.ఏ. సంశ్లేషణను ప్రారంభింపగలదు. ఇన్సులిన్, గ్లూకగాన్ తమంతట తాము ఆ పని చేయజాలవు.

ఒక పదార్థము లేనిచో క్రియ మందగించినదన్న మాత్రమున, ఆ పదార్థమే క్రియకు మూలమని చెప్పరాదు. "అవసరము" వేరు, "ఆరంభకారణము" వేరు. ఈ భేదమును గుర్తించిన విద్యార్థి ఏ ప్రయోగఫలితమునైనను సరిగా చదువగలడు.