తీసేసిన మెమరీకీ లెక్క ఉండాలి

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఒక లినక్స్ కెర్నల్ ప్యాచ్. నడుస్తున్న వర్చువల్ మెషీన్‌కు మధ్యలో మెమరీ చేర్చే హాట్‌ప్లగ్, కాన్ఫిడెన్షియల్ గెస్టుల్లోనూ పనిచేయాలని అది ఒక బిట్‌మ్యాప్‌ను పెంచుతుంది. కెర్నల్ ఎంత తక్కువ గుర్తుపెట్టుకుంటే అంత మేలన్నది నా పాత వాదన, ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. పట్టిక పెరిగితే బగ్గుకు చోటు పెరిగినట్టే.

మామూలు వర్చువల్ మెషీన్లో హోస్టు ఇచ్చిన మెమరీని గెస్టు మారుమాట లేకుండా వాడేసుకుంటుంది. కాన్ఫిడెన్షియల్ గెస్టులను నడిపే ఏఎండీ ఎస్‌ఈవీ-ఎస్‌ఎన్‌పీ, ఇంటెల్ టీడీఎక్స్‌లలో హోస్టును నమ్మకూడదన్నదే పునాది. ప్రతి పేజీనీ గెస్టే ఆమోదించాలి. ఎస్‌ఎన్‌పీలో అందుకు పీవ్యాలిడేట్ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉంది. అంతా బూట్‌లోనే ఆమోదిస్తే పెద్ద మెషీన్లు లేవడం ఆలస్యమవుతుంది. అందుకే 2023లో వచ్చిన లినక్స్ 6.5 నుంచి, అవసరం పడ్డప్పుడే ఆమోదించే వీలుంది. మెమ్‌ఇన్ఫో ఫైల్లో ‘అన్‌యాక్సెప్టెడ్’ వరుస చూస్తే, వాడకం పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గుతుంటుంది. ఏది ఆమోదించిందో, ఏది మిగిలిందో చెప్పేది ఆ బిట్‌మ్యాపే: 2 ఎంబీకి ఒక బిట్. బూట్ నాటికి ఉన్న మెమరీ వరకే దాని లెక్క.

హాట్‌ప్లగ్‌కు పట్టిక ఎందుకు, చేర్చగానే మొత్తం ఆమోదిస్తే సరిపోదా? చేర్చడం వరకూ సరిపోతుంది. చిక్కంతా తీసేటప్పుడే.

ఎస్‌ఎన్‌పీలో పేజీని వదిలేటప్పుడు గెస్టు తన ఆమోదాన్ని రద్దు చేయలేదనుకోండి. హోస్టు ఆ పేజీని అట్టే పెట్టుకుని, తర్వాత అదే అడ్రసుకు వేరే పేజీ ఇస్తుంది. గెస్టు దాన్నీ ఆమోదిస్తుంది. ఒకే సర్వే నంబరుకు ఇద్దరి చేతుల్లో పాస్‌బుక్కులు ఉన్నట్టు, ఒకే అడ్రసుకు ఇప్పుడు చెల్లే పేజీలు రెండు. హోస్టు తనకు కావలసినప్పుడు పాతదాన్ని ముందు పెడుతుంది. గెస్టు నిన్నటి డేటాను నేటిదనుకుని చదువుతుంది. ఎన్‌క్రిప్షన్ చెక్కుచెదరలేదు, అయినా మోసం జరిగిపోయింది. హార్డ్‌వేర్‌కు ఇందులో తప్పు కనబడదు, రెండుసార్లూ ఒప్పుకున్నది గెస్టే కదా.

అంటే ఇక్కడ కాపలా గెస్టు జ్ఞాపకానిదే: ఏ పేజీని ఆమోదించిందో గుర్తుంటేనే, వదిలేముందు ఆ ఆమోదాన్ని రద్దు చేయగలదు. 64 జీబీ మెమరీ లెక్కకు 4 కేబీ బిట్‌మ్యాప్ చాలు. ఈ పట్టికను నేను వద్దనలేను. తక్కువ గుర్తుపెట్టుకోమన్న మాట, ఇచ్చేవాణ్ని నమ్మగలిగిన చోట చెల్లుతుంది. నమ్మకం లేని చోట లెక్క ఉండి తీరాలి. ఇలాంటి ప్యాచ్‌ను సమీక్షించేవాళ్లు మెమరీ తీసేసే కోడ్‌నే ముందు చదవాలి: పేజీ చేయి దాటకముందే ఆమోదం రద్దయిందా, బిట్ మారిందా?