ఎదుటివాడి కంటికి ఆనాలి

పోరాట ఆటలోకి కొత్త రోబో వస్తోందంటే ఆడేవాళ్లు మొదట అడిగేది, దాన్ని నడిపితే ఎలా ఉంటుంది అని. వేగమెంత, తుపాకులెన్ని, కవచమెంత మందం? డబ్బు పెట్టి కొనేది వాళ్లే కాబట్టి తయారీదారులూ ఆ ప్రశ్నకే జవాబు వెతుకుతారు. నా లెక్క వేరు. 24 మంది రెండు జట్లుగా ఆడే మ్యాచ్‌లో ఒక రోబోను నడిపేది ఒక్కడు, దాన్ని ఎదుర్కొనేది 12 మంది. ఏ డిజైన్‌ను చేర్చాలన్న నిర్ణయం ఆ 12 మంది కళ్లతో చూసి తీసుకోవాలి. దూరాన కొండ అంచు మీద ఒక ఆకారం కనబడగానే అదేమిటో, ఏం చేయగలదో, ఎక్కడ కొడితే కుంటుపడుతుందో ఎదుటివాడికి తట్టాలి. అది తట్టించలేని డిజైన్ ఎంత అందమైనదైనా, ఎంత పేరున్నదైనా బొమ్మల పుస్తకంలోనే ఉండిపోతే నష్టం లేదు.

ఈ మాటను ఒక ఆట మీద పెట్టి చూద్దాం. కెనడాలోని వాంకూవర్‌కు చెందిన పిరానా గేమ్స్ 2013లో పూర్తిస్థాయిలో విడుదల చేసిన మెక్‌వారియర్ ఆన్‌లైన్ ఇందుకు బాగా పనికొస్తుంది. ఎందుకంటే ఆ సంస్థకు రోబోలను కల్పించుకోవాల్సిన పని పెద్దగా లేదు, ఏరుకోవడమే పని. షికాగోకు చెందిన ఫాసా అనే సంస్థ 1984లో తెచ్చిన, బల్ల మీద పాచికలతో ఆడే ఆట దీనికి మూలం. మొదట దాని పేరు బ్యాటిల్‌డ్రాయిడ్స్. అందులోని ‘డ్రాయిడ్’ తమ సొత్తని స్టార్ వార్స్ వాళ్లు అభ్యంతరం చెప్పడంతో బ్యాటిల్‌టెక్‌గా మారింది. ఆ తర్వాత పుస్తకం మీద పుస్తకం వచ్చి, 20 టన్నుల నుంచి 100 టన్నుల దాకా వందల కొద్దీ యంత్రాలు పోగుపడ్డాయి. అభిమానులు వాటిని మెక్‌లంటారు. ఇంత రాశిలోంచి ఏవి ముందు, ఏవి తర్వాత, ఏవి ఎప్పటికీ వద్దు అన్నది తేల్చడానికి ఏదో ఒక కొలబద్ద కావాలి.

పాత ఆటలో ఏది గొప్పదో అదే ఇక్కడా గొప్పదనుకోవడం అందరికీ ముందుగా తోచే కొలబద్ద. అది నిలవదు. బల్ల మీద మెక్ అంటే ఒక కాగితం, దాని మీద కొన్ని అంకెలు. దెబ్బ ఎక్కడ తగిలిందో రెండు పాచికలు చెబుతాయి. ఎదురుగా కొట్టినప్పుడు 12 పడితే తలకు తగిలినట్టు, అంటే 36 అవకాశాల్లో ఒకటి. మొండెం మధ్యభాగానికి 36లో 7. చిత్రకారుడు తలను గుమ్మడికాయంత గీసినా, నిమ్మకాయంత గీసినా ఈ వాటాలు మారవు. కంప్యూటర్ ఆటలో పాచికలు లేవు, మౌస్ పట్టిన మనిషి గురి ఉంది. అక్కడ బొమ్మే నిబంధన. మొండెం వెడల్పైతే ఎక్కువ దెబ్బలు తగులుతాయి. తుపాకి నడుము దగ్గర ఉంటే, గట్టు చాటు నుంచి కాల్చాలంటే సగం ఒళ్లు బయటపెట్టాలి. అదే తుపాకి భుజం ఎత్తున ఉంటే నెత్తి మాత్రం చూపించి కాల్చి వెనక్కి తగ్గవచ్చు. ఎప్పుడో నలుపు తెలుపులో సిరాతో గీసిన కళాకారుడికి తాను ఒక యంత్రం ఆయుష్షును నిర్ణయిస్తున్నానన్న ఊహ కూడా ఉండి ఉండదు.

80 టన్నుల ఆసమ్ సంగతి చూడండి. కాగితం మీద మూడు భారీ కణ ఫిరంగులు, దిట్టమైన కవచం; బల్ల ఆటలో దాని ఎదుటికి పోవడానికి జంకుతారు. ఆన్‌లైన్ ఆటలోకి వచ్చేసరికి పేరు గొప్ప ఊరు దిబ్బ. పలకలాంటి వెడల్పాటి మొండెం కావడంతో గురి సరిగ్గా లేనివాడి గుండు కూడా అందులోనే ఎక్కడో ఒకచోట తగులుతుంది. 100 టన్నుల అట్లాస్ పుర్రెలాంటి ముఖంతో ఈ ఆటకే గుర్తుగా నిలిచింది. కానీ దాని పెద్ద తుపాకి తుంటి దగ్గరుంది, కొండ చాటు యుద్ధానికి అంతగా పనికిరాదు. అట్లాస్‌ను మాత్రం నేను తప్పుపట్టను. ఆ ఆకారం తన బలాన్నీ బలహీనతనూ ఒకేసారి చెబుతుంది: దగ్గరికొస్తే నలిపేస్తాను, దూరాన ఉంటే నీ ఇష్టం. ఎదుటివాడికి అంతకంటే ఏం కావాలి?

ఈ కొలబద్దకు నిండుగా సరిపోయేది 50 టన్నుల హంచ్‌బ్యాక్. కుడి భుజం మీద గూనిలా పొడుచుకొచ్చిన పెట్టె, అందులో ఆటలోకెల్లా పెద్ద ఆటోకేనన్. ఆట నేర్చుకున్న మొదటి వారంలోనే ఎవరికైనా తెలిసిపోతుంది, ముందు ఆ గూనిని కొట్టాలని. నడిపేవాడికీ ఆ సంగతి తెలుసు. అందుకే కాల్చగానే మొండెం పక్కకు తిప్పి ఎడమ చేతిని అడ్డం పెడతాడు. మళ్లీ ఇటు ఎప్పుడు తిరుగుతాడా అని అవతలివాడు కాచుకుంటాడు. ఆ రెండు మూడు క్షణాల తిప్పుళ్లలోనే అసలు ఆట నడుస్తుంది, దానికి కారణం ఒక గూని. ఇందులో ఇంకో రకం కూడా ఉంది, ఆ గూని నిండా లేజర్లే. అక్కడా ఆకారం అబద్ధమాడదు, పెట్టె ముఖాన కళ్లలా లేజర్లు కనబడతాయి.

ఆకారం అబద్ధమాడిన సందర్భమూ ఉంది. 2016లో వచ్చిన 100 టన్నుల కోడియాక్‌ది ఎలుగుబంటి వాలకం, చేతులకు గోళ్లు. చూడగానే దగ్గరికి పోకూడదనిపిస్తుంది. కానీ ఈ ఆటలో చేత్తో కొట్టుకోవడమనేదే లేదు, కాబట్టి గోళ్లు అలంకారం. మొండెంలో ఎత్తుగా అమర్చిన నాలుగు తుపాకులున్న రకం ఒకటి, గోళ్లతో ఏ మాత్రం సంబంధం లేకుండా, దూరం నుంచే వచ్చినవాళ్లను వచ్చినట్టు పడగొట్టింది. కొన్నాళ్లు పెద్ద మ్యాచ్‌లన్నింట్లో అదే కనబడింది, తర్వాత దాని చురుకుదనం తగ్గించాల్సి వచ్చింది. హ్యాచెట్‌మ్యాన్ దీనికంటే విడ్డూరం. గొడ్డలే దాని పేరు, దాని ప్రతిష్ఠ. ఈ ఆటలో గొడ్డలి చేతిలో ఉంటుంది గానీ నరకదు. అలాంటిదాన్ని ఏ లెక్కన ఏరారో అభిమానులకే తెలియాలి, ఎందుకంటే అడిగింది వాళ్లే.

నా వాదనకు మొదటి అభ్యంతరం ఆట లోపలి నుంచే వస్తుంది. ఇక్కడ ఆయుధాలు మార్చుకోవచ్చు కదా, ఆకారం చూసి ఏం తెలుస్తుంది? పైగా ఎదుటి మెక్‌ను లాక్ చేస్తే దాని ఆయుధాల జాబితా తెర మీదకు వస్తుంది, కంటితో గుర్తుపట్టాల్సిన అవసరమేముంది? మొదటిదానికి జవాబు ఆట చట్రంలోనే ఉంది. 1999 నాటి మెక్‌వారియర్ 3లో ఏ ఆయుధాన్నైనా ఎక్కడైనా బిగించుకోవచ్చు, అందువల్ల మెక్‌లన్నీ వేర్వేరు రంగుల్లో ఉన్న ఒకే డబ్బాల్లా తయారయ్యాయి. మెక్‌వారియర్ ఆన్‌లైన్‌లో అలా కాదు. ఏ అవయవంలో ఏ జాతి ఆయుధం పట్టాలో హార్డ్‌పాయింట్లు అనే బిగింపు స్థానాలు ముందే తేల్చేస్తాయి. చాలా మెక్‌లకు ఏం బిగిస్తే ఆ గొట్టమే బయటికి కనబడుతుంది. ఇక తెర మీది జాబితా రావడానికి కొన్ని క్షణాలు పడుతుంది, అంతసేపూ లక్ష్యం లాక్‌లోనే ఉండాలి. గట్టు మీద తల పెట్టి తీసేవాడు అంత సమయం ఇవ్వడు. ముందు కన్ను చెబుతుంది, జాబితా తర్వాత దాన్ని నిర్ధారిస్తుంది. తోలుబొమ్మలాటలో తెర మీద నీడ పడగానే, పాట అందుకోకముందే, వచ్చింది రావణుడో హనుమంతుడో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. మెక్ కూడా అలా రావాలి.

నీడకున్న ఈ బలాన్ని కోర్టు గొడవలు కూడా రుజువు చేశాయి. తొలినాటి బ్యాటిల్‌టెక్ మెక్‌లలో చాలావాటి బొమ్మలు ఫాసా సొంతం కావు, జపాన్ యానిమేషన్ల నుంచి లైసెన్సు మీద తెచ్చుకున్నవి. వార్‌హామర్, రైఫిల్‌మ్యాన్, ఆర్చర్, మరాడర్ 1982 నాటి మాక్రాస్ నుంచి వచ్చాయి. షాడో హాక్, గ్రిఫిన్, థండర్‌బోల్ట్ 1981 నాటి డౌగ్రమ్ నుంచి. మాక్రాస్ హక్కులు తమవన్న అమెరికన్ సంస్థ హార్మొనీ గోల్డ్‌తో 1990లలో వ్యాజ్యం నడిచి, 1996లో రాజీ కుదిరాక ఫాసా ఆ బొమ్మలను వాడటం మానేసింది. కథల్లో పేర్లు ఉన్నాయి, అంకెలు ఉన్నాయి, ఒళ్లు లేదు. అభిమానులు వాటిని ‘అన్‌సీన్’ అన్నారు. పిరానా 2013లో కొన్నింటిని, 2015 చివరి నుంచి వార్‌హామర్, మరాడర్ వగైరాలను కొత్త గీతలతో మళ్లీ తెచ్చింది. 2017లో హార్మొనీ గోల్డ్ మళ్లీ దావా వేసింది, అది మరుసటి ఏడాదికి ముగిసింది. ఇందులో నాకు ముఖ్యమనిపించేది, పిరానా చిత్రకారుడు అలెక్స్ ఇగ్లేసియాస్ తిరిగి గీస్తున్నప్పుడు ఏం మార్చాడు, ఏం ఉంచాడు అన్నది. పలకలు, కీళ్లు, మడతలు అన్నీ మారాయి. వార్‌హామర్ ముంజేతుల స్థానంలో ఉన్న రెండు పొడవాటి గొట్టాలు, భుజం మీది క్షిపణుల పెట్టె మిగిలాయి. దూరం నుంచి ఎదుటివాడు గుర్తుపట్టడానికి అవసరమైనవి సరిగ్గా అవే.

రెండో అభ్యంతరం డబ్బుది, ఇది బలమైనది. ఉచితంగా ఆడే ఆట బతకాలంటే మెక్‌లు అమ్మాలి. అమ్ముడుపోయేవి జనానికి మక్కువ ఉన్నవి. ఆ మక్కువ మీద పిరానాకు ఎంత నమ్మకమంటే, బ్యాటిల్‌టెక్ కథలోని క్లాన్ అనే వర్గం మెక్‌లు తెచ్చినప్పుడు బంగారు పూత రకం ఒక్కోటి 500 డాలర్లకు పెట్టింది. కొన్నవాళ్లూ ఉన్నారు, మండిపడ్డవాళ్లు అంతకంటే ఎక్కువ. మక్కువను కొలబద్దగా తీసుకుంటే తప్పేమిటంటారా? నేను దాన్ని పూర్తిగా కొట్టేయను. 2015లో చేర్చిన అర్బన్‌మెక్ అభిమానులు ఏళ్ల తరబడి, సగం వేళాకోళంగా, అడిగి సాధించుకున్నది. 30 టన్నులు, మూల ఆటలో గంటకు 32 కిలోమీటర్ల వేగం, చెత్తడబ్బా ఆకారం. అంకెలు చూసేవాడు దాన్ని ఎన్నటికీ ఏరడు. కానీ ఆ డబ్బా మొండెం గుండ్రంగా 360 డిగ్రీలూ తిరుగుతుంది, ఆకారంలోనే ఆ సంగతి ఉంది. వెనకనుంచి వస్తే దొరుకుతాడులే అనుకోవడానికి వీల్లేదని చూసినవాడికి అర్థమవుతుంది. జనం మక్కువ, ఎదుటివాడి కన్ను ఇక్కడ ఒక్కచోట కలిశాయి. అలా కలిసినప్పుడు జనం మాట వినాలి. హ్యాచెట్‌మ్యాన్ విషయంలో లాగా కలవనప్పుడు, అమ్మకాల కోసం చేర్చామని ఒప్పుకోవడం నిజాయతీ. అది ఆటకు మేలు చేసిందని మాత్రం చెప్పకూడదు.

ఏ మెక్ చేర్చినా తేడాలను అంకెలతో సరిదిద్దవచ్చు కదా, ఎంపిక గురించి ఇంత తల బద్దలు కొట్టుకోవడం దేనికి అన్నది మరో మాట. పిరానా ఆ దారి కూడా తొక్కింది. 2014 నుంచి బలహీనమైన మెక్‌లకు అదనపు కవచమో, తక్కువ వేడో ఇస్తూ వచ్చింది. 2016లో బరువుకు తగ్గ పరిమాణం ఉండాలని మెక్‌ల కొలతలనే తిరగరాసింది. రెండూ కొంతవరకు పనిచేశాయి. కానీ ఆసమ్‌కు ఎంత కవచం కలిపినా అది పలక ఆకారం నుంచి బయటపడదు, దాన్ని చూసిన వెంటనే అందరూ అటే కాలుస్తారు. పైగా కలిపిన కవచం కంటికి కనబడదు. అంత గట్టిదని ఎదుటివాడికి చెప్పేది ఏదీ లేకపోతే, ఎందుకు ఓడాడో వాడికి అర్థం కాదు. అంకెల సవరణ నడిపేవాడికి న్యాయం చేస్తూ ఎదుర్కొనేవాడికి పొగ చూపిస్తుంది.

ఈ కొలబద్దతో ఒక్క ఖాళీ నింపమంటే నా ఓటు నాలుగు కాళ్ల మెక్‌కి. డౌగ్రమ్ నుంచే వచ్చిన గోలియాత్, స్కార్పియన్ బ్యాటిల్‌టెక్‌లో మొదటి నుంచీ ఉన్నాయి, మెక్‌వారియర్ ఆన్‌లైన్‌లోకి రాలేదు. నీడ విషయంలో వాటికి పోటీ లేదు. మూల నిబంధనల ప్రకారం నాలుగు కాళ్లవాటికి మొండెం తిరగదు. పక్కకు వెళ్తే తుపాకులు అందవని ఎదుటివాడికి చూడగానే తెలుస్తుంది. దీనికి ఎదురు నిలిచే అభ్యంతరం ఒక్కటే, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు: ఖర్చు. రెండు చేతులు, రెండు కాళ్లు, తిరిగే నడుము ఉంటాయన్న లెక్క మీదే నడకలు, దెబ్బ తగిలే భాగాలు, మీటలు అన్నీ కట్టారు. నాలుగు కాళ్ల కోసం ఆ పునాదిని తవ్వి మళ్లీ కట్టే శ్రమతో రెండు కాళ్లవి ఎన్నో చేసి అమ్ముకోవచ్చు. చిన్న సంస్థ ఆ లెక్క వేసుకుంటే తప్పుపట్టలేం. అయితే 80 టన్నుల తరగతిలో ఆసమ్, విక్టర్, జ్యూస్ ఇప్పటికే ఉండగా అక్కడ ఇంకో రెండు కాళ్లదాన్ని నిలబెట్టాలంటే, నాలుగు కాళ్ల గోలియాత్ చేయలేని ఏ పని అది చేస్తుందో ముందు చెప్పాలి.