శాసనం, షజ్రా, పటం: ఉత్తర తెలంగాణ వంశచరిత్రల ఆధారాలపై ఒక విమర్శ

తెలుగు సాహిత్య చరిత్ర రచన మొదటినుంచీ వంశచరిత్రను ఒక పనిముట్టుగానే వాడుకొన్నది. వీరేశలింగం నాటినుంచి కృత్యాదిలోని వంశవర్ణనను కవి కాలనిర్ణయానికీ, కృతిపతి గుర్తింపునకూ ఉపయోగించుకొని, ఆ పని ముగియగానే పక్కన పెట్టడం అలవాటయింది. ఆ వర్ణనను ఎవరు, ఏ అవసరం కోసం చెప్పించుకొన్నారు, అందులో ఎవరి పేరు నిలిచింది, ఎవరిది జారిపోయింది అన్న ప్రశ్నలు అరుదుగానే వినిపిస్తాయి. ఉత్తర తెలంగాణలో, అంటే పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో, కుటుంబ చరిత్రలకు దొరికే ఆధారాలు ఈ ప్రశ్నలను తప్పించుకోనివ్వవు.

కురిక్యాల శాసనమే ఇందుకు తొలి సాక్ష్యం. గంగాధర మండలంలోని బొమ్మలమ్మ గుట్టపై క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడు చెక్కించిన ఈ శాసనం సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో ఉంది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి సంపాదకత్వంలో 1974లో వెలువడిన కరీంనగర్ జిల్లా శాసన సంపుటి దీనిని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. తెలుగువారి చర్చ ఎక్కువగా ఇందులోని మూడు కందపద్యాల చుట్టూ, కన్నడిగుల చర్చ జినవల్లభుని అన్న పంపని చుట్టూ సాగింది. నన్నయకు దాదాపు వందేళ్ల ముందటి కందాలు గనుక మనవారి ఉత్సాహం సహజమే. అయితే శాసనం తనంతట తాను చెప్పదలచుకొన్నది ఛందస్సు గురించి కాదు. వేంగీ విషయంలోని వంగిపర్రుకు చెందిన కమ్మె బ్రాహ్మణ కుటుంబం, శ్రీవత్స గోత్రం, తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె, ఆమె బెళ్వొల ప్రాంతపు అణ్ణిగేరికి చెందిన జోయిస సింగుని మనుమరాలు: శాసనం శ్రద్ధగా నమోదు చేసిన విషయాలివి.

వేంగినుంచి వచ్చి జైనం స్వీకరించి, వేములవాడ చాళుక్య అరికేసరి ఆశ్రయంలో స్థిరపడిన కుటుంబమిది. సబ్బినాడు వారికి పుట్టినచోటు కాదు. తమ్ముడు గుట్టపై జినబింబాలు చెక్కించి, బసది, చెరువు, వనం ఏర్పరచి, వాటి పక్కనే అన్న కీర్తినీ తల్లిదండ్రుల ఊళ్లనూ రాయించాడు. ఒక వలస కుటుంబం కొత్త నేలపై తన ఉనికికి రాతిమీద సాక్ష్యం పెట్టుకొన్నదని దీనిని చదవవచ్చు. అప్పుడు మూడు భాషల వాడుక కేవలం పాండిత్య ప్రదర్శనగా కనిపించదు. సంస్కృతం మాట ఎలా ఉన్నా, తండ్రి వైపు తెలుగు నేల, తల్లి వైపు కన్నడ నేల ఉన్న కుటుంబం తన రెండు వైపులనూ ఒకే బండపై నిలుపుకొన్నది. మాతృవంశాన్ని ఊరితో సహా చెప్పిన ఈ పద్ధతి తరవాతి కాలపు దస్తావేజులలో ఎంత అరుదవుతుందో గమనిస్తే దీని విలువ మరింత తెలుస్తుంది.

రాతినుంచి కాగితానికి వస్తే దృశ్యం మారుతుంది. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో నిజాం కాలపు ఫారసీ, ఉర్దూ దస్తావేజులు ఉన్నాయి. 1880ల దశకంలో పాలనాభాష ఫారసీనుంచి ఉర్దూకు మారింది. కుటుంబ చరిత్రకారునికి వీటిలో అత్యంత ఫలవంతమైనది విరాసత్ మిసిలు. వతన్‌దారో ఇనాందారో మరణించినప్పుడు హక్కు ఎవరికి సంక్రమించాలో తేల్చే విచారణలో షజ్రా, అంటే వంశవృక్షం, దాఖలు చేయవలసి వచ్చేది. దత్తత చెల్లుతుందా, పెద్ద భార్య కొడుకా చిన్న భార్య కొడుకా, అన్నదమ్ములు ఎప్పుడు వేరుపడ్డారు వంటి వివరాలు ప్రబంధ అవతారికలో ఎన్నడూ దొరకవు. అయినా షజ్రా కూడా అవతారికవలె ఒక ప్రయోజనం కోసం పుట్టిన రచనే. వారసత్వానికి అక్కర లేని శాఖలను అది కత్తిరిస్తుంది. పురుషుడు 'వల్ద్' అన్న మాటతో తండ్రికి ముడిపడతాడు. స్త్రీ 'ముసమ్మాత్' అన్న ముందుమాటతో, 'జౌజె' అన్న సంబంధంతో భర్త కిందికి చేరుతుంది. ఆమె పుట్టినింటి పేరు సాధారణంగా కనిపించదు. విధవరాలై హక్కు అడిగినప్పుడే ఆమె గొంతు మిసిలులో ప్రవేశిస్తుంది. ఈ కాగితాన్ని నిష్పాక్షిక సాక్ష్యమనీ, కావ్య వంశవర్ణనను అతిశయోక్తి అనీ విడదీసే అలవాటు నిలవదు.

తెలుగు శాఖల పరిశోధకులు ఈ మిసిళ్ల జోలికి వెళ్లకపోవడానికి లిపి ఒక కారణం. కాని ఇక్కడే తెలుగు భాషాజ్ఞానం అనివార్యమవుతుంది. ఉర్దూలో హ్రస్వాచ్చులను సాధారణంగా రాయరు. ణ-నలకు, ళ-లలకు భేదం చూపరు. షికస్తా రాతలో గాఫ్‌పై ఉండవలసిన అదనపు గీత తరచు లోపిస్తుంది. ఫలితంగా కొండ, కుండ, గొండ అనే మూడు ఇంటిపేర్లు ఒకే అక్షరాల గుంపుగా కనిపించగలవు. వీటిలో ఏది సరైనదో ఉర్దూ పాండిత్యం ఒక్కటే తేల్చలేదు. ఆ ఊరిలో ఏ ఇంటిపేర్లున్నాయి, ఏ కులంలో ఏ పేరు వాడుక అన్నది తెలియాలి. ఇందుకు సిరాజుల్ హసన్ 1920లో ప్రకటించిన కులాల గ్రంథంలోని ఇంటిపేర్ల పట్టికలు కొంత తోడ్పడతాయి. అయితే ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాలలో ఉంటుంది గనుక, పేరు కలిసిందని వంశం కలిపివేయడం ప్రమాదకరం. కులచరిత్రల పేరిట వెలువడే అనేక పుస్తకాలు జారిపడేది ఇక్కడే.

పాలనా సరిహద్దుల చిక్కు ఇంకొకటి. నేటి జగిత్యాల లేదా సిరిసిల్ల జిల్లాలోని ఊరిని 1905కు ముందటి దస్త్రాలలో ఎలగందల కింద వెదకాలి. ఆదిలాబాద్ జిల్లాలోని రాజురా, కిన్వట్ ప్రాంతాలు 1956లో బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లాయి. ఒకే గోండు సగకు చెందిన కుటుంబాలు నేడు రెండు రాష్ట్రాల రెవెన్యూ దస్త్రాలలో చీలి ఉన్నాయి.

భూమి లేనివారి సంగతి వేరు. సేత్వారులో గాని, 1954-55 నాటి ఖస్రా పహాణీలో గాని పేరెక్కాలంటే పట్టా అయినా కబ్జా అయినా ఉండాలి. ఆ రెండూ లేని కుటుంబాలకు వంశాన్ని కాపాడినవారు ఆశ్రిత కులాలవారు. మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు పటం విప్పి కులపురాణంతో పాటు గోత్రాలనూ ఇంటిపేర్లనూ చదువుతారు. ఊళ్లపై వారికుండే మిరాశీ హక్కే ఈ జ్ఞానాన్ని తరతరాలు నిలబెట్టింది. దాత కుటుంబాన్ని మరచిన కథకునికి త్యాగం అందదు. షజ్రాకు విరాసత్ ఎటువంటిదో, పటానికి మిరాశీ అటువంటిది: రెండింటా జ్ఞాపకం ఒక హక్కును ఆశ్రయించి ఉంది. ఒకదానిని దస్తావేజు అనీ, మరొకదానిని జానపదమనీ వేర్వేరు శాఖలకు పంచడం విశ్వవిద్యాలయాల సౌకర్యమే తప్ప ఆధారాల స్వభావం కాదు.

అయినా మౌఖిక వంశావళిని ఉన్నదున్నట్టు చరిత్రగా స్వీకరించడమూ సరికాదు. యాన్ వాన్సినా ఆఫ్రికా సంప్రదాయాలలో గుర్తించినట్లు, మూలపురుషుడూ చివరి కొద్ది తరాలూ స్పష్టంగా ఉండి, నడుమ తరాలు కుదించుకుపోతాయి. ఆదిలాబాద్ పర్ధానులు కిక్రి వాయిస్తూ చెప్పే గోండు సగల గాథలను ఈ జాగ్రత్తతోనే చదవాలి. నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల విభాగాలను ఆ గాథలు వివరిస్తాయి. అవి వ్యక్తుల జాబితాలు కావు. ఎవరు ఎవరికి పాలివారు, ఎవరితో వియ్యం కుదురుతుంది అన్న వ్యవస్థను నిలిపే కథనాలవి. 1940లలో మార్లవాయి కేంద్రంగా పనిచేసిన హైమెండార్ఫ్ ఈ గాథలను నమోదు చేసి 1948లో రాజ్‌గోండుల గ్రంథం ప్రకటించాడు. అతని కాగితాలూ ఛాయాచిత్రాలూ లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. తాతల బొమ్మ చూడాలంటే మార్లవాయి మనుమడు సముద్రాలు దాటవలసి రావడం ఈ ఆధారాల చరిత్రలో ఒక భాగమే. గోండులను కేవలం మౌఖిక సమాజంగా చూసే అభిప్రాయాన్ని నార్నూర్ మండలం గుంజాలలో వెలుగు చూసిన రాతప్రతులు సవరించాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది.

కుమ్రం భీం విషయంలో రెండు జ్ఞాపకాల తేడా తేటగా కనిపిస్తుంది. జోడేఘాట్ ఘటన 1940 నాటిది. తారీఖు గురించి రచయితలలో ఏకాభిప్రాయం లేదు. కాని ఆదివాసులు వర్ధంతిని ఏటా ఆశ్వయుజ పౌర్ణమినాడు జరుపుకొంటారు. అక్కడ తిథి స్థిరం, తారీఖు చలితం. దీనిని కాలగణన లోపమని కొట్టివేసే పరిశోధకుడు తన పంచాంగాన్ని మాత్రమే కాలమనుకొంటున్నాడు.

ఈ చర్చ గ్రంథాలయానికి పరిమితమైనది కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద రూపొందిన నిబంధనలు పెద్దల వాఙ్మూలాన్నీ, పాత దస్త్రాలలోని వ్యక్తులవరకు చూపగల వంశక్రమాన్నీ సాక్ష్యంగా అంగీకరిస్తాయి. షెడ్యూల్డు తెగలకు చెందని అటవీ నివాసులు 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ల నివాసం చూపాలి. మూడు తరాల వెనుకకు వెళితే 1930 వస్తుంది. అప్పటి కాగితం ఉర్దూలో ఉంటుంది, ఆ కాగితంలోని తాత పేరుకు అచ్చులు ఉండవు. మనుమడు చెప్పే ఉచ్చారణకూ మిసిలులోని అక్షరాలకూ మధ్య సంబంధాన్ని నిరూపించడం అచ్చంగా పాఠపరిష్కరణ సమస్య. పాఠాంతరాలను తూచి పాఠాన్ని నిర్ణయించే శిక్షణ ఈ రాష్ట్రంలో తాళపత్ర కావ్యాలకు లభించింది. విరాసత్ మిసిలుకు, డక్కలి పటానికి, పర్ధాను గాథకు అది ఇంకా పూర్తిగా అందలేదు.