పండవానిలో ఊకొట్టువాడు

ఒక కావ్యమును ప్రేమించువారు పదిమంది కూడినచోట స్తుతి యెంత సహజమో, పరిహాసమును అంత సహజము. మన విమర్శకులు మొదటిదానిని రసికతయనియు, రెండవదానిని అల్లరియనియు తలచుట పరిపాటి. ఈ తలపు సరికాదనుటకు భిలాయి పరిసరములందలి పండవాని గానము మంచి నిదర్శనము.

1955లో సోవియట్ ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడికవలన వెలసిన ఉక్కునగరము భిలాయి. 1959 ఫిబ్రవరి 4న అచట మొదటి కొలిమిని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. బ్రతుకుతెరువుకై నలుదెసలనుండి చేరినవారిలో తెలుగువారును ఉన్నారు. కొలిమికి ముందే ఆ చుట్టుపట్ల పల్లెలలో పాండవుల కథ యున్నది. సమీపమున గనియారీ గ్రామములో 1956లో జన్మించిన తీజన్‌బాయి, మాతామహుడు పాడగా విని దానిని నేర్చెను. స్త్రీలు కూర్చుండియే పాడవలెనను కట్టుబాటును త్రోసి, పదుమూడవయేట పురుషులవలె నిలిచి పాడెను. కులమువారు వెలివేసిరి. తరువాత ఆమె భిలాయి కర్మాగారమున ఉద్యోగిని యయ్యెను. 2019లో పద్మవిభూషణ్ పురస్కారము వచ్చెను. ఆమె కీర్తి లోకవిదితము. విచారింపవలసినది ఆమె ప్రక్కనుండు ‘రాగి’ని గూర్చి.

కథ నడచుచుండగా రాగి ఊకొట్టును, మాట అందిచ్చును, ప్రశ్నించును, మేలమాడును. గాయని చేతి తంబూరా ఒక క్షణమున భీముని గద, మరుక్షణమున అర్జునుని విల్లు. సభ దానిని నమ్మవలెనన్న ముందుగా నమ్మువా డొకడు వేదికపైననే కావలెను. రాగి యట్టివాడు. సభలోనివాడు అడుగ సంకోచించు ప్రశ్న నతడడుగును. కథ తెలియక కాదు, తెలియుటవలననే. బావమరదుల సరసము పెండ్లివారింట చెల్లును. ఆ మాటనే దారిన పోవువాడు అన్నచో తగవగును.

బుఱ్ఱకథలోని హాస్యపు వంతను ఎరిగిన తెలుగువానికి ఇది క్రొత్తగాదు. వంతలు లేని షేక్ నాజరును ఎవరు ఊహింపగలరు? అవధానమున అప్రస్తుత ప్రసంగి పని వేరు. ధారణను చెదరగొట్టుట అతని ధర్మము. అయినను అవధానిపై ప్రేమలేనివాడు ఆ పీఠమున రాణింపడు. కొన్ని సభలలో నేడీ ప్రసంగము ముందుగా కూర్చుకొన్న శ్లేషల పట్టికగా దిగజారినది. సభకు నవ్వు వచ్చునుగాని అవధానికి చెమట పట్టదు!

వ్రాతలో ఈ పని చేసినవాడు జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి. శ్రీశ్రీ గీతముల నడక చెవిలో నాటనివాడు ఆ పేరడీలు వ్రాయజాలడు. విని నవ్వినవారును ఆ గీతములు కంఠస్థమైనవారే. వాటివలన శ్రీశ్రీకి కొరత కలుగలేదు సరిగదా, ఆయన శైలిలో నిజముగా ఆయనదేదియో పలువురకు తెలిసివచ్చెను. పుటలకొలది ప్రశంస చేయలేని విమర్శ యది.

నేటి తెలుగు రచయితకు లభించునవి రెండే: సన్మానసభలో శాలువ, కానిచో పత్రికలో దెబ్బ. శాలువ కప్పుటకు పుస్తకము తెరువ నక్కరలేదు. దెబ్బ కొట్టుటకు సగము చదివిన చాలును. మేలమాడుటకు మాత్రము తుదివరకు చదువవలెను, మరల చదువవలెను. సొంతగడ్డకు దూరమైన భిలాయివంటి చోట్ల వ్రాయువానికి అట్టి చదువరులు నలుగురు దొరకుట మరింత కష్టము. పండవానిలో గాయని ఊపిరి తీసికొనునంతసేపు కథను పట్టుకొని యుండునది రాగి గొంతే.