తాటాకు పట్టుకునే చెయ్యి

తాళపత్రాల సంరక్షణలో మంచి శిక్షణ నూనెలతోనో రసాయనాలతోనో మొదలవదు, కట్ట విప్పడంతో మొదలవుతుంది. కట్టను బల్ల మీద పెట్టి, తాడు వదులు చేసి, పై చెక్క తీసి, ఒక్కో కమ్మనూ రెండు చేతులతో ఎత్తాలి. ఒక కొస పట్టుకుని లేపితే ఎండిన ఆకు తాడు దూర్చిన రంధ్రం దగ్గరే చీలుతుంది. తీయకముందే ఫొటోలు తీసి, వరస రాసుకోవాలి. తెల్లటి నూలు తొడుగులు సినిమాల్లో బాగుంటాయి గాని, ఇక్కడ పనికిరావు. పెళుసు అంచులు దారాలకు తగులుకుని విరుగుతాయి, వేళ్లకు స్పర్శ తెలియదు. శుభ్రంగా కడిగి, పొడిగా తుడుచుకున్న చెయ్యే మేలు. అయితే వెనకటి రోజుల్లో పురుగుమందు చల్లిన కట్ట అని అనుమానముంటే నైట్రైల్ తొడుగులు, మాస్కు తప్పనిసరి.

అసలు మెలకువ శుభ్రం చేయడంలో ఉంది. మన వైపు తాటాకు మీద గంటంతో గీసి, దీపపు మసి నూనెలో కలిపి రుద్దేవారు. పైమసి తుడిచేస్తే గీతల్లో నిలిచిందే అక్షరమవుతుంది. భూతద్దంలో చూస్తే ఆ గీతకు లోతు తెలుస్తుంది. ఇలాంటి కమ్మను మెత్తని కుంచెతో దులిపి, ఆల్కహాలూ నీళ్లూ కలిపిన ద్రావణంలో ముంచి పిండిన దూదితో తుడవవచ్చు. మసి కొంత పోయినా కంగారు లేదు, గీత ఉంటుంది కాబట్టి మళ్లీ మసి పెట్టుకోవచ్చు. ఆరాక పలచగా నిమ్మగడ్డి నూనె రాస్తే ఆకు కాస్త వంగే గుణం తెచ్చుకుంటుంది. కానీ ఉత్తరాదిన, తూర్పున కలంతో సిరా పెట్టి ఆకు పైపైనే రాసిన ప్రతులున్నాయి. అదే దూది వాటి మీద పెడితే అక్షరం దూదికి అంటుకొస్తుంది. అందుకే ముందు ఒక్క అక్షరం చివర, చిన్న చుక్కతో పరీక్ష చేస్తారు. ఈ ఓపిక లేనివాడికి ఎన్ని సీసాల మందులిచ్చినా ప్రమాదమే.

పాత పద్ధతుల్లో అన్నీ గొప్పవని నేననను. పురుగు పట్టకుండా పెట్టే వేపాకు, వస, కర్పూరం కన్నా బిగుతైన కట్టుకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. రెండు చెక్కల మధ్య నొక్కి, నూలుబట్టలో గట్టిగా చుడితే ఆకు వంకర పోదు, తేమా పురుగూ సులువుగా దూరవు. గ్రంథం చివర లేఖకులు చేసుకునే విన్నపాల్లో వదులు కట్టు నుంచి కాపాడమన్న మాట ఊరికే రాలేదు. దసరాల్లో సరస్వతీ పూజకు కట్టలు బయటికి తీసే ఇళ్లలో, ఆ సాకుతోనైనా ఏడాదికోసారి పురుగు సంగతి బయటపడేది.

కొత్త పద్ధతుల్లోనూ పొరపాట్లున్నాయి. ఒకప్పుడు ఆర్కైవుల్లో పెళుసు కాగితాలను సెల్యులోజ్ అసిటేట్ పొరల మధ్య అతికించేవారు. ఆ పొర పాతబడితే తానే చెడుతుందని, విడదీయడం కష్టమని తర్వాత తేలింది. ఇప్పుడు పలచటి జపనీస్ కాగితం, పిండితో కాచిన జిగురు వాడుతున్నారు. తడిపితే ఊడి వస్తాయి. ఇవాళ చేసిన మరమ్మతును రేపు మరొకరు విప్పగలగాలన్నదే ఈ విద్యకు గీటురాయి.

సాంస్కృతిక సంపద సంరక్షణ కోసం లక్నోలో 1976లో వెలసిన జాతీయ పరిశోధనాలయం సంరక్షకులకు శిక్షణ ఇస్తోంది. 2003లో మొదలైన జాతీయ లిఖితప్రతుల మిషన్ దేశమంతటా ప్రతుల జాబితాలు చేయించి, సంరక్షణ కేంద్రాలు పెట్టింది. తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థలో, తంజావూరు సరస్వతీ మహల్‌లో, సి.పి. బ్రౌన్ సేకరించిన ప్రతులు చేరిన చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో తెలుగు కట్టలు ఎన్నో ఉన్నాయి. ఇలాంటి చోట్ల ఉద్యోగాల ఖాళీలు నింపేటప్పుడు ఈ చేతిపని తెలిసినవాళ్లకు చోటు దొరకాలి.

మీ అటక మీద తాటాకు కట్ట ఉంటే నీళ్లతో కడగకండి, కొబ్బరినూనె రాయకండి, ఎండలో పరచకండి, టేపు అంటించకండి, లామినేషన్ అసలు చేయించకండి. ఉన్నదున్నట్టు ఉతికిన నూలుబట్టలో చుట్టి, తేమ లేని చోట పెట్టండి. పని తెలిసిన మనిషి ఉన్న గ్రంథాలయానికి తీసుకెళ్లి చూపించండి.